మూడో వార్డు: చేయలేకపోయిన పనులు

మొదటి రోజు

ఈ పుస్తకం అట్ట మీద "చేయలేకపోయిన పనులు" అని రాసి ఉంది. ఆ పేరు నేను పెట్టలేదు. నర్సుల పని మీద పరిశోధన చేయడానికి వచ్చిన ఫర్హానాగారు ముందే రాసి తెచ్చారు. కొత్తగట్టు ఆసుపత్రిలో ఉన్న పన్నెండు వార్డులకూ తలా ఒకటి ఇచ్చారు. రోజూ డ్యూటీ దిగాక, ఆ రోజు రోగులకు చేయాల్సి ఉండి చేయలేకపోయినవన్నీ ఇందులో రాయాలట. నెల రోజులు. డ్యూటీలో మేం మణికట్టుకు కట్టుకునే లెక్కల పట్టీల్లో చేసిన పనులు నొక్కడానికి చోటుంది గానీ చేయనివి చెప్పడానికి లేదు కాబట్టి కాగితం తెచ్చానన్నారు.

ఇది ఎలా ఉందంటే, చుట్టాలకు భోజనం పెట్టి, ఏ కూరలో ఉప్పు తక్కువైందో మనమే దండోరా వేయించినట్టుంది. ఆ మాటే ఆవిడతో అన్నాను. ఆవిడ నవ్వి, రాయండి చాలు అన్నారు.

నా పేరు కృపావతి. మూడో వార్డు ఇన్‌ఛార్జి నర్సుని, పందొమ్మిదేళ్ళ సర్వీసు. ఇరవై నాలుగు మంచాలు. పగటి డ్యూటీలో నేనూ, చామంతి అనే చిన్న సిస్టరూ, ఒక మరమనిషీ ఉంటాం.

ఈరోజు చేయలేకపోయినవి: ఏమీ లేవు. అన్నీ అయ్యాయి.

రెండో రోజు

అన్నీ అయ్యాయి.

మూడో రోజు

అన్నీ అయ్యాయి. ఈ ఒక్క ముక్క రాయించుకోవడానికి ఇంత లావు పుస్తకం దేనికో నాకు అర్థం కాలేదు.

నాలుగో రోజు

ఫర్హానాగారు పుస్తకం తిరగేశారు. ఒక పూట వార్డులో కూర్చుంటానన్నారు. కూర్చోండి అన్నాను. ఈవిడ ఎదుట దుప్పటి మడత కూడా తేడా రాకూడదని చామంతికి కనుసైగ చేశాను.

ముందు ఆవిడ మరమనిషి గురించి అడిగారు. దానికి ఆసుపత్రి వాళ్ళు పెట్టిన పేరేదో ఉంది, ఎవరికీ గుర్తులేదు. మేము తోడికోడలు అంటాం. మందులు తెస్తుంది, జ్వరం చూస్తుంది, రెండు గంటలకోసారి మంచాలను ఇటూ అటూ వాలుస్తుంది. పనిమంతురాలే, కాదనను. కానీ చేసిన ప్రతిదీ ఆ క్షణమే పైవాళ్ళకు చెప్పుకుంటుంది. రోగి ముందు గంజి గిన్నె పెట్టి "భోజనం పూర్తయింది" అంటుంది. ఆ గంజి నోట్లోకి వెళ్ళిందా లేదా అన్నది మాత్రం మేం చూసుకోవాలి.

మూడు గంటలకు సాయంత్రం డ్యూటీ సిస్టర్ వచ్చి వాకిట్లో నిలబడి అడిగింది, అన్నీ అయ్యాయా అని. అన్నీ అయ్యాయి అన్నాను. ఈ ఆసుపత్రిలో డ్యూటీ మారే పద్ధతి అది. ఆ మాట అనకుండా ఎవరూ గడప దాటరు. ఇంకో జవాబు నేనైతే ఎన్నడూ వినలేదు.

తర్వాత పట్టీ విప్పి కొక్కేనికి తగిలించాను. మూడు దాటాక చేతికి పట్టీ ఉంటే "పని నెమ్మది" అని మన పేరు పక్కన పడుతుంది. అందుకని అందరం మూడింటిలోపు అన్నీ నొక్కేసి, పట్టీ విప్పేసి, మిగిలినవి నిదానంగా చేసుకుంటాం. పదిహేనో మంచం ఆయనకు గంజి తాగించాను. ఇద్దరికి గోళ్ళు తీశాను. ఏడో మంచం అసిరమ్మ తల చిక్కు తీస్తుంటే ఫర్హానాగారు పక్కకు వచ్చి నిలబడ్డారు.

"కృపావతిగారూ, ఇప్పుడు మీరు డ్యూటీలో ఉన్నట్టా, లేనట్టా?"

తల దువ్వడానికి డ్యూటీ ఏమిటండీ అన్నాను. ఈ పని మధ్యాహ్నమే అయిపోయినట్టు పట్టీలో ఉందని ఆవిడ మెల్లగా అన్నారు. ఇప్పుడు అయిపోతోంది కదా అన్నాను. రోజూ ఇంతేనా అని అడిగారు. నేను జడ అల్లడం మొదలుపెట్టాను.

ఇంటికి వెళ్ళేదాకా ఒళ్ళు మండుతూనే ఉంది. అన్నం తిన్నాక ఆలోచిస్తే ఆవిడ తప్పేమీ కనిపించలేదు.

ఈరోజు డ్యూటీలో చేయలేకపోయినవి: గంజి తాగించడం ఒకరికి. గోళ్ళు ఇద్దరికి. తల దువ్వడం ముగ్గురికి. ఇంటికి వెళ్ళాక మందులు ఎలా వేసుకోవాలో పందొమ్మిదో మంచం అమ్మాయికి వివరంగా చెప్పడం. ఇరవై రెండో మంచం ఆవిడ ఏడుస్తుంటే కాసేపు పక్కన కూర్చోవడం. ఇవి రాస్తుంటే నలుగురిలో కొంగు జారినంత సిగ్గుగా ఉంది.

ఆరో రోజు

అసిరమ్మ గురించి రాయాలి. ఎందుకంటే ఇవాళ ఆవిడ పక్కన పావుగంట కూర్చుందామనుకుని కూర్చోలేకపోయాను.

అరవై రెండేళ్ళు. వాళ్ళమ్మ సముద్రంలో వేసే వలలు అల్లేదట. ఊరు నీళ్ళలోకి వెళ్ళిపోయి జనమంతా గట్టెక్కాక, అసిరమ్మ మంచు వలలు అల్లడం నేర్చుకుంది. కొండ కొమ్మున అవి మంచును పట్టి బొట్టుబొట్టుగా తొట్లలోకి దించుతాయి. మేం తాగేవి ఆ నీళ్ళే. వల చిరిగితే ఆవిడే కుట్టాలి. ఆవిడ ఇల్లు కూడా ఆ వలల పక్కనే ఉంది, రెండు వందల పన్నెండు మెట్ల పైన. పాచి మీద జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది. కాలు బిగించి కట్టారు.

మెట్లెక్కలేని వాళ్ళను కొత్తగట్టులో పైకి పంపరు. దిగువిల్లు అని కింద ఒక ఆశ్రమం ఉంది, అక్కడ ఉంచుతారు. శుభ్రంగానే ఉంటుంది. కానీ అసిరమ్మ మాత్రం, అక్కడ సేతులకి పనేటుంటాది అంటుంది. ఇక్కడ కూడా మంచం కోడుకు దారం కట్టుకుని వల అల్లుతూనే ఉంటుంది. ఎవరు పలకరించినా ఆవిడ అడిగేది ఒక్కటే, నానెప్పుడు పైకెల్తానని.

ఎముక ఎలాగూ అతుకుతుంది. నాకు భయం మడమ గురించి. కదలని కాలికి మడమ కిందే పుండు పడుతుంది. తోడికోడలు మంచాన్ని వాలుస్తుంది గానీ కట్టిన కాలు ఉన్నచోటే ఉంటుంది. దాని కంటికి పై చర్మమే కనిపిస్తుంది. రోజుకోసారి, పగటి డ్యూటీలో, మనిషే కాలెత్తి కింద చెయ్యి పెట్టి చూడాలి. ఎర్రగా ఉంటే అప్పుడే దిండు మార్చేస్తే పోతుంది.

తొమ్మిదో రోజు

ఆసుపత్రి కమిటీ నుంచి ఉత్తరువు వచ్చింది. మూడో వార్డులో పనులన్నీ రోజూ మూడింటిలోపే పూర్తవుతున్నట్టు పట్టీలు చెబుతున్నాయట. కాబట్టి సోమవారం నుంచి పగటి డ్యూటీకి ఒక్క నర్సు చాలట. ప్రయోగంగా ముందు మా వార్డులో మొదలుపెడతారు. బాగుంటే మిగతా పదకొండింటికీ ఇదే పద్ధతి. చామంతిని దిగువింటికి వేశారు.

నేను కమిటీని తిట్టాను. పట్టీలను తిట్టాను. తోడికోడలిని కూడా తిట్టాను, అది పాపం గ్లాసులు సర్దుకుంటోంది. చామంతి అంతా విని, దుప్పటి మడతపెడుతూ అంది.

"మనమే కదక్కా చెప్పింది, అన్నీ అయ్యాయని."



పన్నెండో రోజు

ఒక్కదాన్నే.

చేయలేకపోయినవి: తల దువ్వడం అందరికీ. గంజి తాగించడం ఇద్దరికి. తొమ్మిదో మంచం ఆయనను నడిపించడం. ఇరవయ్యో మంచం ఆవిడ గంట నొక్కితే వెళ్ళేసరికి ఇరవై నిమిషాలు అయింది, పక్క తడిసిపోయింది. ఆవిడ నన్నేమీ అనకుండా, పాపం నీకు ఎన్ని పనులో తల్లీ అంది. తిట్టినా బాగుండేది.

మూడింటికి అన్నీ అయ్యాయి అన్నాను. ఆరింటి దాకా ఉన్నాను.

పద్నాలుగో రోజు

చేయలేకపోయినవి నిన్నటివే, ఇంకో నాలుగు కలిపి. రాసే ఓపిక లేదు. ఈరోజు అసిరమ్మ నా మొహం చూసి, తినేసినావా అని అడిగింది. తిన్నానని చెప్పాను. తినలేదు.

పదహారో రోజు

ఈ రోజు ఎలా రాయాలో తెలియడం లేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

పొద్దున్న అసిరమ్మ, కాలు సుర్రుమంటాంది సిస్టరమ్మా అంది. చేతిలో పనులన్నీ వదిలేసి కాలెత్తి చూశాను. మడమ కింద రూపాయి బిళ్ళంత మచ్చ, నేరేడు పండు రంగులో. నొక్కితే మెత్తగా ఉంది. ఇది ఒక్క రోజులో వచ్చేది కాదు.

నాలుగు రోజులుగా నేను ఆ మడమ చూడలేదు. మధ్యాహ్నం పట్టీలో "చర్మం చూశాను" అని నొక్కేదాన్ని, మూడు దాటాక తీరిగ్గా చూద్దామని. మూడు దాటాక ఒకరోజు పదిహేనో మంచం ఆయనకు వాంతులు. మర్నాడు ఒక పాప కింద పడింది. ఆ తర్వాత రోజు బల్ల మీద కూర్చున్నదాన్ని అలాగే నిద్రపోయాను. నిన్న ఏం జరిగిందో గుర్తు కూడా లేదు. సాయంత్రం వాళ్ళు, రాత్రి వాళ్ళు పట్టీ చూసి, కృపావతిగారు చూశారు కదా అనుకున్నారు. నా పేరుంటే ఎవరూ రెండోసారి చూడరు. పందొమ్మిదేళ్ళలో సంపాదించుకున్న మంచి పేరు అది.

ఈ పుస్తకంలోనూ రాయలేదు. తల దువ్వలేదని రాశాను, గంజి తాగించలేదని రాశాను. అవి రాస్తే జాలి పడతారు. ఇది రాస్తే ఏమంటారో తెలుసు కాబట్టి, ఇది నేను చేయనిదే కానట్టు మెదడులోంచి తీసేశాను.

గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చాను. డాక్టరుగారు చూసి, ఇంకా లోతుకు దిగకపోతే ఆరు వారాల్లో మానవచ్చు, దిగితే చెప్పలేం అన్నారు. అప్పటిదాకా ఆ కాలు నేల మీద మోపకూడదు. నడక ఆలస్యమైతే తొడ కండ చిక్కిపోతుంది. కండ పోయాక మెట్లెక్కడం కష్టం.

పదిహేడో రోజు

ఫర్హానాగారికి చెప్పాను. తప్పుగా నొక్కిన పట్టీకి శిక్ష ఉంటుందని ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు. పుస్తకం మీదని, ఈ పేజీ కమిటీకి ఇవ్వాలో వద్దో మీ ఇష్టమని అన్నారు. ఇవ్వకపోతే పట్టీల ప్రకారం ఒక్క నర్సుతో వార్డు చక్కగా నడిచినట్టే. పుండు మాత్రం రోగి వయసు వల్ల వచ్చినట్టు అవుతుంది.

ముందు చెప్పాల్సిన మనిషి ఇంకొకరున్నారు. అసిరమ్మ మంచం పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. ఆవిడ చేతిలో దారం ఆగింది.

"నువ్వు సూడనేదా? సూసీ సెప్పనేదా?"

"చూడలేదమ్మా. చూశానని నొక్కాను."

"మరెందుకలాగ?"

"ఒక్కదాన్నే ఉన్నాను. చేతకాలేదు."

ఆవిడ దారం పక్కన పడేసింది. "ఒక్కదానివైతే ఒక్కదాన్నేనని కేకెయ్యాల. నవ్వుతా తిరుగుతావేటి? నువ్వు నవ్వుతా ఉన్నావు కదాని నాను నిబ్బరంగా తొంగున్నాను."

కాలు శుభ్రం చేయడానికి చెయ్యి పెట్టబోతే, నువ్వొద్దు అంది. ఇంకెవరినైనా రమ్మంది. గదిలోకి వెళ్ళి ఏడ్చాను. చాలా బాధ కలిగింది. అంత బాధ కలగాల్సిందే.

ఇరవై ఒకటో రోజు

ఆ పేజీ తీయకుండానే పుస్తకం ఇచ్చేసి, కమిటీ ముందు నిలబడ్డాను. అధ్యక్షుడు పైడిరాజుగారి బల్ల మీద పన్నెండు పుస్తకాలున్నాయి. ఒక్కొక్కటీ తెరిచి చూపించారు. పదకొండింటిలో మొదటి పేజీ నుంచి ఒకటే ముక్క, అన్నీ అయ్యాయి. చేతిరాతలే వేరు.

నా పుస్తకం నేనే చదివాను. మడమ సంగతి కూడా దాటేయకుండా చదివాను. పట్టీలో మీరు చూసినట్టే ఉందే అన్నారు ఒకాయన. అది నేను నొక్కిన అబద్ధం అన్నాను. తోడికోడలు కూడా నాలుగు రోజులూ "పూర్తయింది" అనే చెప్పిందట. దానికి నేనే చెప్పాను కదా.

పైడిరాజుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆయన చెడ్డవాడు కాదు. ఇచ్చిన అంకెలు చూసి నిర్ణయం తీసుకున్న మనిషి.

"ఇన్నాళ్ళలో ఒక్కరూ ఒక్క మాట చెప్పలేదేంటమ్మా? అడగందే అమ్మయినా పెట్టదు కదా."

సిగ్గేసిందండీ అన్నాను. నర్సు నావల్ల కాలేదు అనకూడదని మాకు మొదటి రోజునే నేర్పుతారు. ఎవరూ నోటితో చెప్పరు, పెద్దవాళ్ళను చూసి నేర్చుకుంటాం. నేనూ చామంతికి అదే నేర్పాను.

తప్పు నొక్కినందుకు ఆరు నెలలు ఇన్‌ఛార్జి పదవి తీసేశారు. న్యాయమే. నర్సుల సంగతి ఆలోచించి చెబుతామన్నారు.

ఇరవై మూడో రోజు

పొద్దున్నే ఫర్హానాగారి గది ముందు వరస కట్టి ఉన్నారు. ఒకటో వార్డు సిస్టర్, ఆరో వార్డు సిస్టర్, రిటైరవడానికి నెల కూడా లేని పదకొండో వార్డు పెద్ద సిస్టర్, ఇంకా మిగతావాళ్ళు. నన్ను తిట్టడానికి వచ్చారేమో అనుకుని గోడ పక్కకు తప్పుకున్నాను. తిలా పాపం తలా పిడికెడు అంటారు, కానీ నా పిడికిలి తెరిచి వాళ్ళందరిదీ చూపించినట్టయింది కదా.

పెద్ద సిస్టర్ లోపలికి వెళ్ళి, "మా పుస్తకాలు మాకు ఇచ్చేయండమ్మా, మళ్ళీ రాసుకుంటాం" అంది.

ముప్పయ్యో రోజు

ప్రయోగం ఆపేశారు. పన్నెండు పుస్తకాలూ చదివాక ఆపక తప్పలేదు. చామంతి తిరిగి వచ్చింది, ఇప్పుడు ఇన్‌ఛార్జి తనే. ఇంకో సిస్టర్‌ని కూడా ఇచ్చారు. పగటి డ్యూటీకి ముగ్గురం. పట్టీల్లో "చేయలేకపోయాను" అని కొత్త గడి పెట్టారు. నొక్కే ముందు ఇంకా చుట్టూ చూస్తాను, ఎవరైనా గమనిస్తున్నారేమోనని.

పరిశోధన గడువు అయిపోయింది. ఫర్హానాగారు నకలు తీసుకుని పుస్తకం నాకే ఇచ్చారు. అలవాటైంది, రాస్తాను.

అసిరమ్మ మడమ లోతుకు దిగలేదు. కట్టు చామంతి మారుస్తుంది. నేను పళ్ళెం పట్టుకుంటాను. ఆవిడ నావైపు చూడదు. మంచం మీదే తొడకు వ్యాయామం చేయిస్తే పళ్ళ బిగువున చేస్తుంది, ఒక్క పూట కూడా మానదు.

యాభై ఎనిమిదో రోజు

పుండు మానింది. వారం కిందట నేల మీద కాలు మోపింది. కర్ర పట్టుకుని వార్డంతా రెండుసార్లు తిరిగింది. ఈరోజు మెట్లు. ఆసుపత్రి వెనక కొండకు పోయే మెట్ల మొదట్లో నిలబెట్టి, ఎవర్ని పట్టుకోమంటావమ్మా అని చామంతి అడిగింది.

అసిరమ్మ కర్ర ఎత్తి నావైపు చూపించింది.

"ఆయమ్మని రమ్మను. నా యెనకాల ఆయమ్మే ఉండాల."

ఇన్ని రోజులూ ఈ మాట కోసమే ఎదురుచూస్తున్నాను కాబట్టి గబగబా వెళ్ళాను. వెనక నిలబడ్డాను. ఆవిడ బరువు చూశాను, మెట్టు మీది తడి చూశాను. నిన్న ఒకాయనను లేపుతుంటే నా నడుము పట్టేసింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆవిడ జారితే నేను ఆపలేను. ఇద్దరం దొర్లుతాం. కానీ ఇన్నాళ్ళకు పిలిచిన మనిషితో ఆ మాట ఎలా అనేది? 

"అమ్మా, నా నడుము బాగాలేదు. మీరు జారితే నేనొక్కదాన్నే పట్టుకోలేను. చామంతి కూడా ఉండాలి."

ఆవిడ మెల్లగా వెనక్కి తిరిగింది. నా మొహంలోకి చూసింది, పదిహేడో రోజు తర్వాత మొదటిసారి.

"ఇప్పుడు నమ్ముతాను నిన్ను" అంది.

చామంతి కుడివైపు నిలబడింది, నేను ఎడమవైపు. అసిరమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది, బరువంతా వేసింది. అలా ముగ్గురం పద్దెనిమిది మెట్లు ఎక్కాం.